అడిగొస్తానక్క కుట్టిన కోటు

మా మఠంలో ఆమెకు ఒక పేరుంది. కన్యాస్త్రీగా ప్రమాణం చేసి మాటపట్టు ఇచ్చిన రోజున పెట్టిన పునీతురాలి పేరు కాదు. ఆ పేరు ప్రార్థన పుస్తకం మొదటి పేజీలో రాసుకోవడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. మేమంతా పిలిచింది "అడిగొస్తానక్క" అని. వెనకాల కాదు, ముఖం మీదే. ఆమె కూడా "ఆఁ, ఏంటీ?" అని పలికేది. ఏం ఇచ్చినా, ఏం తెమ్మన్నా, ఎక్కడికి రమ్మన్నా ఆమె నోటి వెంట మొదట వచ్చే మాట అదే మరి: "ఉండు, అడిగొస్తాను."

నేను నర్సుని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది చాలదన్నట్టు నోరూ పెద్దదే. మా ఇద్దరినీ పదిహేడేళ్ళు ఒకే గదిలో పడుకోబెట్టిన దేవుడికి హాస్యం బాగా తెలుసని నా నమ్మకం. ఆమె పోయాక మా మఠం పత్రికలో నాలుగు వాక్యాలు వేశారు. "విధేయురాలు, మితభాషి, కుట్టుపనిలో నేర్పరి" అని. చదవగానే నాకు ఒళ్ళు మండింది. విధేయురాలట! అసలు సంగతి వాళ్ళకేం తెలుసు? తెలిసిన దాన్ని నేను. అందుకని నేనే రాయడానికి కూర్చున్నాను.

ఆమె ఒక తాపీమేస్త్రీ కూతురు. పాలు మరవకముందే తల్లి పోతే మేనత్త తీసుకెళ్ళి పెంచింది. ఆ ఇంట్లో అప్పటికే ఏడుగురు పిల్లలు. మేనత్త చెడ్డ మనిషేం కాదు, పాపం. కానీ దేని మీద చెయ్యి పెట్టాలన్నా ముందు అడగాలన్నది ఆ ఇంటి చట్టం. నీళ్ళు తాగనా అత్తా, దువ్వెన తీసుకోనా అత్తా, ఏడవనా అత్తా. ఈ చివరిది నేను కల్పించింది కాదు. ఆమెకు ఏడేళ్ళప్పుడు బావ ఆటలో తోసేస్తే మోచెయ్యి చీరుకుపోయిందట. అత్త కునుకు తీస్తోందట. అత్త లేచేదాకా పక్కనే నిలబడి, లేచాక అడిగి, అప్పుడు ఏడ్చిందట. ఇది చెప్పి ఆమె పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

పద్దెనిమిదో ఏట మఠంలో చేరింది. ఆ ఇంట్లో అలవాటు ఇక్కడ పుణ్యమైపోయింది. అప్పట్లో మా మఠంలో ప్రతి నెలా మొదటి శనివారం మదర్ గది ముందు వరుసలో నిలబడేవాళ్ళం. ఒక్కొక్కరం లోపలికి వెళ్ళి, మోకరించి, ఆ నెలకు కావలసినవన్నీ అడగాలి. సబ్బు బిళ్ళ, దారపు ఉండ, ఇంటికి ఒక ఉత్తరం, ఇలా. నాలాంటి వాళ్ళం మూలుగుతూ వెళ్ళేవాళ్ళం. ఆమె తలారా స్నానం చేసి, పెళ్ళికి వెళ్తున్నట్టు వెళ్ళేది.

ఆమెను కుట్టు గదిలో వేశారు. ఆ గదిలో గోడకున్న మేకుకి ఒక గోధుమరంగు అట్ట వేలాడేది. మఠం పెట్టిన మొదటి మదర్ తన చేతులతో కత్తిరించిన అట్ట అది. మేం వేసుకునే అంగీ ఎవరిదైనా సరే, గుడ్డను ఆ అట్ట కింద పరిచి, సుద్దతో గీసి, గీత మీదుగా కత్తిరించాల్సిందే. మనిషికో కొలత పెడితే మనిషికో సోకు పుట్టుకొస్తుందని ఆ తల్లి ఉద్దేశం. పొట్టివాళ్ళు అంచు మడుచుకునేవాళ్ళు. బక్కవాళ్ళు నడుం దగ్గర తాడు బిగించుకునేవాళ్ళు. నాలాంటి భుజాలున్న వాళ్ళకే చావు. చంక కింద పట్టేసేది. రోగిని పైకి లేపబోతే పర్రుమని చిరిగేది.

"కాస్త వదులు చెయ్యక్కా, నీకు పుణ్యముంటుంది" అని నేనే పదిసార్లు అడిగి ఉంటాను.

"ఉండు, అడిగొస్తాను."

అడిగేది కూడా. అట్ట మాత్రం మారేది కాదు. ముప్పై మూడేళ్ళపాటు ఆమె ఆ ఒక్క అట్ట మీదే గీసింది, కత్తిరించింది, కుట్టింది.

అప్పుడు వచ్చింది ఉత్తరం. ఎక్కడో సముద్రాల అవతల, ఒక పట్టణంలో వృద్ధాశ్రమం. దాన్ని నడిపిన అక్కడి సిస్టర్లే ముసలివాళ్ళై ఒక్కొక్కరే పోయారట. కొత్తగా చేరేవాళ్ళు లేరట. ముగ్గురిని పంపండని అడిగారు. ఇంటి పెద్దగా ఒకావిడను ఎంచారు, ఆవిడను పెద్దక్క అనేవాళ్ళం. నర్సు కావాలి కాబట్టి నన్ను. మూడో మనిషిగా మదర్ ఈమెను పిలిపించింది. అప్పటికి ఈమెకు యాభై ఒకటి.

"వెళ్తావా?" అంది మదర్.

"ఉండండి మదర్, అడిగొస్తాను" అంది ఈమె, అలవాటు కొద్దీ.

"ఎవర్ని అడుగుతావే తల్లీ? నువ్వు అడగాల్సింది నన్నేగా!"

ఈ సంగతి మఠంలో ఏడాదిపాటు చెప్పుకుని నవ్వారు.

అక్కడ మాకిచ్చింది మూడో అంతస్తులో చిన్న ఇల్లు. కింద తాళాలు చేసేవాడి కొట్టు. పొద్దుట తొమ్మిది నుంచి ఇనుము అరగదీసే చప్పుడు వస్తూనే ఉండేది. రెండు గదులు, ఒక వంటిల్లు, ఒక గోడ బీరువా. ఆ బీరువా మధ్య అరలు తీసేసి, శిలువ పెట్టి, దాన్నే మా గుడి చేసుకున్నాం. తలుపులు తీస్తే ప్రార్థన, మూస్తే బీరువా. గంట లేదు. పెద్ద మఠంలో లేవడానికీ, తినడానికీ, మాట్లాడటానికీ, ఊరుకోవడానికీ గంటే. ఇక్కడ మొదటి ఉదయం నేను లేచేసరికి ఆమె అంగీ తొడుక్కుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, మంచం అంచున కూర్చుని ఉంది.

"ఎప్పుడు లేచావక్కా?"

"చాలాసేపైంది. గంట కొట్టలేదు కదా, ఏం చెయ్యాలో తెలియలేదు."

నాకైతే ఆ ఊళ్ళో రెక్కలొచ్చాయి. నెల తిరక్కుండా ఒక పాత సైకిలు సంపాదించాను. ఎదురుగాలిలో తలగుడ్డ ఎగురుతుంటే ఆశ్రమానికి తొక్కుకుంటూ వెళ్ళేదాన్ని. దేవుడు నాకు దగ్గరైంది గుడిలో కంటే ఆ సైకిలు మీదే ఎక్కువని చెబితే పెద్దక్క గుడ్లురిమింది. ఈమెకు మాత్రం కాళ్ళ కింద నేల పోయినట్టయింది. ఫ్రిజ్ ముందు నిలబడి "చెల్లీ, నీళ్ళు తీసుకోనా?" అనేది. బస్సులో సీట్లన్నీ ఖాళీగా ఉన్నా ఎవరో ఒకరు కూర్చోమనేదాకా నిలబడేది. ఒకరోజు ఆశ్రమం పెరట్లో బురదలో దిగబడిపోతున్న పిల్లిని పైకి తీయడానికి తోటమాలి అనుమతి అడుగుతూ నిలబడింది. తోటమాలి నోరు వెళ్ళబెట్టాడు. పిల్లి తన దారి తనే చూసుకుంది.

ఆశ్రమంలో ఇరవై ఎనిమిది మంచాలు. ఆమె పని స్నానాలు చేయించడం, తినిపించడం, దుప్పట్లు మార్చడం. ఏడాది తిరిగేసరికి వాళ్ళ భాష నాకంటే బాగా పట్టుకుంది. మనుషులను మాత్రం మన వరసలతోనే పిలిచేది. పిన్ని, మామయ్య, పెద్దమ్మ. ఆ ముసలివాళ్ళకు అర్థాలు చెబితే మురిసిపోయారు. కిటికీ పక్క మంచం ఆయన "నన్నేమంటావు?" అని అడిగి మరీ బాబాయి అనిపించుకున్నాడు.

ఈ బాబాయి దర్జీ. నలభై ఎనిమిదేళ్ళు కోట్లు కుట్టాడు. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. భార్య పోయింది, పిల్లలు లేరు. "మీ దేవుడితో నాకు పేచీ లేదమ్మా, పరిచయమూ లేదు" అనేవాడు. ఆ పిలుపు అడిగి పెట్టించుకున్న రోజే, ఆమె దుప్పటి సర్దుతుంటే ఆమె అంగీ భుజం దగ్గర కుట్టు చూసి మొహం చిట్లించాడు.

"ఎవరమ్మాయ్ ఇది కుట్టింది? గుడ్డని చంపేశారు."

"నేనే బాబాయ్."

ఆయన ఆ కుట్టును వేలితో లాగి చూసి, "సరే, దారమైనా గట్టిది వేశావు" అన్నాడు. అక్కడ మొదలైంది వాళ్ళిద్దరి స్నేహం. ఆమె అన్నం తినిపిస్తూ బొత్తాం కాజాల గురించి అడిగేది. ఆయన నమిలేది మరచి చెప్పేవాడు. ఆ కిటికీ దగ్గర నవ్వులు వినబడితే నేను చేస్తున్న పని ఆపి చూసేదాన్ని.

రెండో ఏడు ఒకనాడు ఆయన మంచం కింద పెట్టె తీయించాడు. అందులో మడత నలగని బూడిదరంగు ఉన్ని గుడ్డ, ఒక కోటుకు సరిపడా.

"ఊరందరి కొలతలూ తీశాను అమ్మాయ్. నా కొలత ఎవరూ తీయలేదు. అంగట్లో కొన్నవే తొడుక్కుని తిరిగాను, తీరిక లేక. పోయేటప్పుడైనా నాదైన కోటు తొడుక్కుని పోవాలి. కుడి చెయ్యి బావుంది. నువ్వు గుడ్డ పట్టుకుంటే నేను కత్తిరిస్తాను. నాకో కత్తెరా, సూదీ ఇప్పించు. పదిరోజులు చాలు."

ఆమె ఏమందో వేరే చెప్పాలా?

"ఉండండి బాబాయ్, అడిగొస్తాను."

ఆశ్రమంలో పదునైన వస్తువు మంచాల దగ్గరికి రాకూడదు. ఎప్పుడో ఎవరో చెయ్యి కోసుకున్నారట. కత్తెరలన్నీ మేనేజరమ్మ సొరుగులో, తాళం ఆవిడ నడుం దగ్గర. ఈమె వెళ్ళి అడిగితే ఆవిడ కాగితం మీద రాసిమ్మంది, నెలకోసారి కూర్చునే సంఘం ముందు పెడతానంది. పెద్దక్కను అడిగితే, ఇది మనకప్పగించిన పనిలో లేదు, మదర్‌కి ఉత్తరం రాయమంది. రాసింది. మదర్ జవాబు మూడు వారాలకు వచ్చింది, ఆశ్రమం వాళ్ళు ఒప్పుకుంటే నాకు అభ్యంతరం లేదని. ఇక్కడ సంఘంలో ఒకాయనకు జలుబు చేసి సమావేశం వచ్చే వారానికి పోయింది. ఆమె మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు ప్రతి గుమ్మం ముందూ నిలబడి వచ్చేది. బాబాయి రోజూ ఆ గుడ్డ మీద చెయ్యి వేసి రాసుకుంటూ అడిగేవాడు.

"ఏమన్నారు?"

"అడిగాను బాబాయ్. చెప్తామన్నారు."

ముప్పై ఆరో రోజు పొద్దుట బాబాయి సూపు తాగుతూ చెంచా వదిలేశాడు. ఆమె వంగి తీసి చేతికిచ్చింది. మళ్ళీ జారింది. మూడోసారి ఆమె ఆయన వేళ్ళను తన వేళ్ళతో మూసి పట్టుకుని నన్ను కేక వేసింది. నేను పరుగెత్తుకొచ్చేసరికి నోరు ఒక పక్కకు లాగేసింది. మనిషి దక్కాడు. మాట ముద్దముద్దగా మిగిలింది. కుడి చెయ్యి పోయింది.

రెండు రోజుల తర్వాత సంఘం నుంచి అనుమతి కాగితం వచ్చింది. చిన్న కత్తెర ఒకటి, సూది ఒకటి, రోజుకు అరగంట, సిస్టరు సమక్షంలో.

నాకు అప్పుడు ఒళ్ళు తెలియలేదు. ఆ కాగితం పట్టుకుని నడవాలో నిలబడి ఉన్న ఆమె మీద పడ్డాను. "చెయ్యి ఉన్నన్నాళ్ళూ నువ్వెక్కడున్నావక్కా? గుమ్మాల ముందు! ఒక్కరోజు, ఒక్క కత్తెర! నేనైతే మేనేజరమ్మ సొరుగు బద్దలు కొట్టి తెచ్చేదాన్ని!" అని అందరూ వినేలా అరిచాను. కొట్టేదాన్నో లేదో నాకు తెలియదు. నేనూ ఆ ముప్పై ఆరు రోజులూ ఆ వార్డులోనే ఉన్నాను, నాకూ రెండు చేతులున్నాయి. ఆ మాట ఆమె అనొచ్చు. అనలేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుంది. ఆ రోజు అన్న మాటలకు నేను ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

సాయంత్రం వంటింట్లో గిన్నె తోముతూ, నా వైపు తిరగకుండానే అంది:

"మేనత్తను అడిగాను, మదర్‌ను అడిగాను, అందర్నీ అడిగాను. అది దేవుడికి ఇష్టమనుకున్నాను. ఈసారి దేవుడే నన్ను అడిగాడు చెల్లీ, బాబాయి నోటితో. నేను విని, ఆయన్ని అక్కడే ఉంచి ఇంకెవరినో అడగడానికి వెళ్ళాను."

నేను వెళ్ళి ఆమె పక్కన నిలబడి గిన్నెలు తుడిచాను.

తర్వాతి రోజు మేనేజరమ్మ అనుమతి కాగితం వెనక్కి తీసుకుంది, ఇక ఆ మనిషికి కత్తెరతో పనేముందని. అదీ నిజమే. కానీ అదే వారం నుంచి మా గదిలో ఆమె పెట్టెలో ఉండే పెద్ద కత్తెర కనబడలేదు. ముప్పై మూడేళ్ళు వాడి, తువ్వాలులో చుట్టి దేశం దాటించిన కత్తెర అది. సాయంత్రం ప్రార్థనకు బీరువా తలుపులు తీసేసరికి ఆమె ఉండేది కాదు. "పని ఆలస్యమైంది" అనేది. పెద్దక్క నమ్మింది. ముప్పై అయిదేళ్ళుగా అబద్ధమాడని మనిషిని ఎవరు అనుమానిస్తారు?

మూడో రోజు నేను బాబాయి మంచం చుట్టూ ఉన్న తెర సందులోంచి చూశాను. ఉతికిన దుప్పట్ల బుట్టలో కత్తెర. మంచం మీద బూడిదరంగు గుడ్డ. చేతిలో టేపు పట్టుకుని ఆమె గుడ్లప్పగించి నిలబడింది.

"కొలత తియ్యి" అంటున్నాడు బాబాయి, ముద్దమాటలతో.

"నాకు రాదు బాబాయ్."

"రాదా? ముప్పై మూడేళ్ళు ఏం పీకావు?"

"ఒకటే అట్ట. కొలత ఎప్పుడూ తీయలేదు. ఎవరిదీ."

ఆయన కళ్ళు మూసుకుని తెరిచాడు. తిడతాడనుకున్నాను. "అయితే రా, దగ్గరికి రా" అన్నాడు. మెడ వెనక ఎముక ఎక్కడుందో వేలితో వెతికించాడు. అక్కడి నుంచి భుజం చివరకి, భుజం నుంచి మోచేతికి, మణికట్టుకి. ఎడమ భుజం ఎప్పుడో పడిపోయింది, కుడిది కొత్తగా పడుతోంది. ఆమె రెండింటికీ ఒకే అంకె రాయబోయింది.

"అబద్ధం రాయకు. ఏది ఎంత జారిందో అంతే రాయి. గుడ్డకి నిజం చెప్పాలి."

ఆమె టేపు పట్టుకుని ఆ ఎముకల గూడు చుట్టూ చేతులు వేసింది. వినబడకుండా ఏడుస్తోంది. ఎవరి అనుమతీ తీసుకోలేదు. నేను తెర మూసేసి, నడవాలో కాపలా నిలబడ్డాను. ఆ తర్వాత పదహారు రోజులు ఎవరికీ చెప్పకుండా నోరు మూసుకున్నాను. నా జీవితంలో చెప్పుకోదగ్గ ఘనకార్యం అదొక్కటే.

కళ్ళతో, గొంతుతో ఆయన కుట్టించాడు. ఆమె కుట్టింది, విప్పింది, మళ్ళీ కుట్టింది. "కోటు కుట్టమంటే సంచి కుడుతున్నావు" అని ఆయన, "సంచిలోనే పెడతాను మిమ్మల్ని, ఊరుకోండి" అని ఆమె. నేను నా చెవులను నమ్మలేదు. అడిగొస్తానక్క ఎదురు జవాబు చెప్పడం!

పందొమ్మిదో రోజున మదర్ వచ్చింది. ఏడాదికోసారి మిషన్లన్నీ చూసి వెళ్ళేది. రేపనుకుంటే ఇవాళే దిగింది. మేనేజరమ్మ, పెద్దక్క చెరోపక్కా నడుస్తుంటే వార్డులోకి వచ్చింది. నేను దగ్గాను. గట్టిగా దగ్గాను. మేనేజరమ్మ "ఈ తెర ఎందుకు వేశారు?" అంటూ ఒక్క లాగు లాగింది.

ఆమె నేల మీద మోకాళ్ళపై ఉంది. నోట్లో గుండుసూదులు. మంచం మీద జానెడు పొడవు కత్తెర. కుర్చీలో బాబాయి, ఒంటి మీద ఒక చెయ్యి లేని, కాలరు లేని కోటు.

మేనేజరమ్మ అగ్గి మీద గుగ్గిలమైంది. నియమం, భద్రత, నమ్మకద్రోహం, ఏవేవో అంది. ఇలాంటి సిస్టర్లు మాకొద్దని కూడా అంది. పెద్దక్క మొహం పాలిపోయింది. మదర్ చెయ్యి ఎత్తి అందరినీ ఆపి, ఆమెను అడిగింది.

"నీకెవరు అనుమతి ఇచ్చారు?"

ఆమె నోట్లోంచి గుండుసూదులు ఒక్కొక్కటే తీసి తన అంగీ చేతి అంచుకి గుచ్చుకుంది. ఆరో ఏడో ఉన్నాయి. ఆ కాసేపట్లో నాకు ప్రాణం పోయి వచ్చింది. చివరిది గుచ్చాక తలెత్తింది.

"ఎవరూ ఇవ్వలేదు మదర్. నేను అడగలేదు."

"నువ్వు అడగలేదా?" మదర్ గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

"మొన్న అడుగుతూ తిరిగాను మదర్. ఆలోపు చెయ్యి పోయింది. ఈసారి అడగడానికి వెళ్తే మనిషే పోతాడేమోనని భయమేసింది. నన్ను ఇంటికి పంపేస్తానన్నా వెళ్తాను. కానీ రెండ్రోజులు ఆగండి. ఒక చెయ్యి, కాలరు మిగిలాయి. అవి కుట్టకుండా నేను ఇక్కణ్ణించి కదలను."

కదలను! ఆ మాట ఆమె నోట వినడానికే నేను అన్ని సముద్రాలు దాటి వచ్చానేమో అనిపించింది. అప్పుడు బాబాయి, ఒక పక్కకు పోయిన నోటితో, మదర్‌ను కింద నుంచి పై దాకా చూస్తూ ఏదో అన్నాడు. ఆమె తప్ప ఎవరికీ అర్థం కాలేదు.

"ఏమంటున్నాడు?" అంది మదర్.

ఆమె చెప్పాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించింది. "మీకు చంక దగ్గర పట్టేస్తోందట మదర్. చెయ్యి పైకి ఎత్తమంటున్నారు."

మదర్ పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. ఆమెదీ అట్ట అంగీయే కదా. ఏమనుకుందో ఏమో, కుడి చెయ్యి ఎత్తింది. చెవి దాకా వచ్చి ఆగిపోయింది. ఇంకాస్త ఎత్తబోతే పర్రుమంది. మేనేజరమ్మ నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకుంది. నేను ఆపుకోలేదు.

మదర్ నవ్వలేదు. చెయ్యి దించి, చిరిగిన చోటును వేళ్ళతో మూసి పట్టుకుని, ఆ సగం కోటు కేసి చాలాసేపు చూసింది. "రెండ్రోజులు అన్నావు కదా" అంది మెల్లగా. "పూర్తి చెయ్యి. శిక్ష సంగతి తర్వాత చూద్దాం." మేనేజరమ్మ కూడా ఆఖరికి మెత్తబడింది. సాయంత్రం కత్తెర తన సొరుగులో పెట్టాలంది. ఆ రెండు ఉదయాలూ తనే తాళం తీసి తెచ్చి ఇచ్చింది. రెండో రోజు కుర్చీ లాక్కుని కాసేపు కూర్చుంది కూడా.

కోటు పూర్తయ్యింది. బాబాయిని నడవాలో అద్దం ముందుకు తీసుకెళ్ళాం. జారిన రెండు భుజాల మీదా అది ముడత లేకుండా కూర్చుంది. ఆయన చాలాసేపు చూసుకున్నాడు.

"ఎడమ చెయ్యి పావంగుళం ఎక్కువైంది" అన్నాడు.

మెప్పు అంటే అదే. ఆ తర్వాత నాలుగు నెలలు బతికాడు. ఆఖరి ప్రయాణానికని కుట్టించుకున్న కోటు ప్రతి ఆదివారం తొడుక్కుని, దాని మీద సూపు ఒలకబోసుకున్నాడు. ఆయన్ను అందులోనే పంపించాం. ఆ పొద్దుట ఆమె పెద్దక్కతో "బాబాయిని సాగనంపడానికి వెళ్తున్నాను" అని చెప్పి చెప్పులు తొడుక్కుంది. చెప్పింది, అంతే.

శిక్ష సంగతి మదర్ మళ్ళీ ఎత్తలేదు. ఆరునెలల తర్వాత ఒక పార్శిలు వచ్చింది. విప్పి చూస్తే గోడ మేకు నుంచి తీసిన ఆ గోధుమరంగు అట్ట. పైన చిన్న చీటీ: "ఇక్కడ ఇక దీనితో పని లేదు. నీకేమైనా పనికొస్తుందేమో చూడు." పనికొచ్చింది. మా వంటింటి బల్లకు ఒక కాలు పొట్టి, దాని కింద పెట్టాం.

మాలో మొదటి కొలత నాదే తీసింది. కొత్త అంగీ తొడుక్కుని నేను రెండు చేతులూ ఎత్తాను, దించాను, మళ్ళీ ఎత్తాను. పట్టలేదు, చిరగలేదు. అంత ముదురుదాన్ని, వంటింట్లో కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చాను. తర్వాత పెద్దక్కకు, తర్వాత కొత్తగా వచ్చిన వాళ్ళకు, ఆశ్రమంలో వంకర నడుముల పిన్నిలకు, మామయ్యలకు, ఆఖరికి మేనేజరమ్మకు కూడా. పదిహేనేళ్ళు అందరినీ కొలిచింది.

అరవై ఎనిమిదో ఏట ఆమె కాలేయం చెడింది. డాక్టరు నాకు చెబితే నేనే ఆమెకు చెప్పాను. "అలాగా" అంది. ఆ మధ్యాహ్నం ఆమె అంగీ మారుస్తుంటే చూశాను. అట్ట అంగీ. దేశం నుంచి తెచ్చుకున్న వాటిలో ఆఖరిది, మోచేతుల దగ్గర అతుకులు. అందరికీ తీసింది గానీ, తన కొలత తానెలా తీసుకుంటుంది? పదిహేనేళ్ళలో ఒక్కరికైనా తట్టిందా? నాకు తట్టిందా?

వెళ్ళి టేపు తెచ్చాను.

"లే అక్కా. కొలత తీస్తాను."

"నువ్వా? బొత్తాం కుట్టడం రాదు నీకు, అంగీ కుడతావా?"

"నువ్వు చెప్పు, నేను కుడతాను. లే ముందు."

"ఉండు, అడిగొ..." అంది. అని ఆగి, నా మొహంలోకి చూసి, దగ్గొచ్చేదాకా నవ్వింది. తర్వాత నా భుజం పట్టుకుని నిలబడి, రెండు చేతులూ మెల్లగా పైకెత్తింది.

"చంక దగ్గర వదులు పెట్టు చెల్లీ" అంది. "నాకెప్పుడూ అక్కడే పట్టేసేది."

యాభై ఏళ్ళు! నేను టేపు ఆమె చుట్టూ తిప్పి, అంకె కనబడక, కళ్ళు తుడుచుకుని మళ్ళీ తిప్పాను.

పన్నెండు రోజులు పట్టింది. ఆమె పడుకుని తిట్టింది, నేను కుట్టాను, విప్పాను, మళ్ళీ కుట్టాను. తొడిగి అద్దం తెచ్చి చూపించాను. ఆమె అటూ ఇటూ తిరిగి, చేతులు చాపి చూసుకుంది.

"ఎడమ చెయ్యి పావంగుళం ఎక్కువైంది."

"ఇవ్వు అక్కా, విప్పి సరిచేస్తాను."

"వద్దు" అంది. "నాకిలాగే కావాలి."

ఆ అంగీతోనే ఆమెను సాగనంపాం. పావంగుళం అలాగే ఉంచాను.